మేకకు తక్కెడ కావాలె

(విద్యార్థులు, ఉద్యోగులు, పల్లెల నుంచి వచ్చిన కాపరులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ళు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటల కోసం మనం ఏండ్ల తరబడి కొట్లాడాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నీళ్ళ మీద లెక్కలు తీశాం, నిధుల మీద నిలదీశాం, నియామకాల కోసం రోడ్లెక్కాం. ఈ మూడు లెక్కల్లో దేనిలోనూ పడని జీవి ఒకటి మన ఊళ్ళలో గడప ముందే కట్టేసి ఉంది. అది మేక. ఇవాళ దాని గురించే మాట్లాడదలిచాం. మేక గురించి మాట్లాడడానికి ఇంతమంది విద్యార్థులు, ఉద్యోగులు ఎందుకని కొందరికి నవ్వు రావొచ్చు. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో ఎంతమంది ఫీజులు మేకపోతును అమ్మి కట్టారో ఒక్కసారి ఇంట్లో అడిగి చూడండి. నవ్వు ఆగిపోతుంది.

లెక్కల్లో గొర్రె, ఇంట్లో మేక

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు దాదాపు 190 లక్షలు. దేశంలో మనమే మొదటి స్థానం. 2012లో ఇవి 128 లక్షలు. మేకలు మాత్రం 2012లో సుమారు 46 లక్షలుంటే, 2019 నాటికి 49 లక్షలు. గొర్రె ఎగబాకింది, మేక ఉన్నచోటే ఉంది. కారణం అందరికీ తెలిసిందే. 2017 జూన్‌లో మొదలైన పంపిణీ పథకం గొర్రెల కోసం వచ్చింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. ఖరీదు లక్షా 25 వేలు, అందులో సర్కారు వాటా 75 శాతం. గొల్లకురుమల కోసం పెట్టిన పథకం అది. వాళ్ళకు ఇవ్వడం న్యాయమే, తరతరాలుగా మందల వెంట నడిచిన వాళ్ళు వాళ్ళే. కానీ జీవాలను పక్క రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. ఇక్కడి ఎండకు, ఇక్కడి మేతకు తట్టుకోలేక చాలా చచ్చాయి. చేతులు మారి అవే గొర్రెలు మళ్ళీ మళ్ళీ లెక్కల్లో తిరిగాయన్న ఫిర్యాదులు వచ్చాయి. 2024లో ఏసీబీ కేసులు, అరెస్టుల దాకా పోయింది.

మనం ఆ గొడవలోకి పోవడం లేదు. ఒక్క మాట మాత్రం గుర్తు పెట్టుకుందాం. జీవాల సంఖ్య పెంచడం వేరు, కాపరి ఆదాయం పెంచడం వేరు. సంఖ్య పెరిగి ఆదాయం పెరగకపోతే ఆ పెరిగిన జీవం ఎవరికి లాభం?

గొర్రెకు కులం పేరు ఉంది, సహకార సంఘం ఉంది, పథకం వచ్చింది. మేకకు ఇవేవీ గట్టిగా లేవు. ఎందుకంటే మేక ఒక కులానిది కాదు. మాదిగ ఇంట్లో రెండు, తండాలో లంబాడీల దగ్గర పది, ముస్లింల పెరట్లో నాలుగు, కౌలు రైతు కొట్టంలో మూడు. చూసుకునేది ఎక్కువగా ఆడవాళ్ళు. కైకిలి పోతూ వెంట తోలుకుపోతారు, వచ్చేటప్పుడు ఇంత రొట్ట కొట్టుకొస్తారు. భూమి లేని ఇంటికి మేకే బ్యాంకు. బిడ్డకు జ్వరమొస్తే దవాఖాన ఖర్చు మేక. అప్పులాయన గడప తొక్కితే వడ్డీ మేక. అలాంటి బ్యాంకులో దాచిన సొమ్మును బయటికి తీసేటప్పుడు ఎంత నష్టపోతున్నామో ఎవరూ లెక్క చూడలేదు. ఆ లెక్క చూద్దాం.

కంటిచూపుతో బేరం

మన అంగళ్ళ తీరు మీకు తెలుసు. పాలమూరు వైపు పెబ్బేరు శనివారం సంతకు పోయి చూడండి. బేరగాడు వస్తాడు, మేక నడుము మీద చెయ్యి వేసి నొక్కుతాడు, తోక దగ్గర పట్టి చూస్తాడు. కొన్నిచోట్ల ఇప్పటికీ రుమాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. పక్కవాడికి ధర తెలియదు. తూకం మాట రాదు. బేరం అంతా చూపు మీదే. ఆ చూపు రోజూ వందల జీవాలను చూసిన వాడిది. అమ్మేవాళ్ళు ఏడాదికి రెండో మూడో తెచ్చేవాళ్ళు. ఈ పోటీలో ఎవరు గెలుస్తారు?

ఒక లెక్క వేసుకుందాం. మేకపోతు బరువులో 45 నుంచి 50 శాతం దాకా మాంసం దిగుతుంది. 24 కిలోల పోతును కొనేవాడు 20 కిలోలని తేల్చాడనుకోండి. నాలుగు కిలోల బరువు పోయింది, అంటే దాదాపు కిలో 800 గ్రాముల మాంసం పోయింది. హైదరాబాదులో మటన్ కిలో ఎనిమిది వందలు దాటి చాలాకాలమైంది. ఆ ఎనిమిది వందలే పట్టుకున్నా ఒక పోతు మీద 1,440 రూపాయలు. ఏడాదికి ఐదు పోతులమ్మే ఇంటికి 7,200 రూపాయలు. ఇదంతా బేరంలో పోయింది కాదు, తూకం లేనందువల్ల పోయింది. తలకాయ, కాళ్ళు, బోటి, తోలు ఈ లెక్కలో వేయనేలేదు.

మరి దళారిని తిట్టి ఊరుకుందామా? అది సులభం, కానీ సగమే నిజం. దళారి లారీ కిరాయి భరిస్తాడు. జియాగూడ మార్కెట్‌కు పోయేలోపు ఒక జీవం చస్తే ఆ నష్టం అతనిది. దారిలో బరువు తగ్గితే ఆ నష్టమూ అతనిదే. అర్ధరాత్రి అవసరానికి చేబదులు ఇచ్చేది కూడా చాలాసార్లు అతనే. అతన్ని తీసేస్తే ఆ పనులన్నీ ఎవరు చేస్తారో చెప్పలేని వాళ్ళు ఉపన్యాసాలు చెప్పొద్దు. మనం అడిగేది దళారి ఉండొద్దని కాదు. అతను తక్కెడ ముందు నిలబడాలని.

తక్కెడ లేకపోయినా దర్జీ టేపు ఉంటుంది. విద్యార్థి మిత్రులు ఇది రాసుకోండి. ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలవండి. భుజం ముందు నుంచి పిరుదు ఎముక దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 660తో భాగించండి. వచ్చేది సుమారుగా కిలోల్లో బరువు. చుట్టుకొలత 26, పొడవు 24 అయితే దాదాపు 24న్నర కిలోలు. ఇది అంచనాయే, తక్కెడతో సమానం కాదు. కానీ అంగడికి పోయే ముందు రాత్రి ఆ అంకె తెలిసిన మనిషి, తెల్లవారి బేరంలో తల ఎత్తి మాట్లాడతారు.

పండుగ ధర ఎవరికి పోతోంది?

మేకకు ఏడాదంతా ఒకటే ధర ఉండదు. ఆషాఢంలో బోనాలు, ఆ తర్వాత దసరా, రెండేళ్ళకోసారి మేడారం, ఇవన్నీ గిరాకీ కాలాలు. శ్రావణం, కార్తీకం వస్తే చాలా ఇళ్ళలో ముక్క బంద్, ధర తగ్గుతుంది. అన్నిటికంటే పెద్ద గిరాకీ బక్రీద్. ఖుర్బానీ మేకకు ఏడాది నిండాలి. కుంటితనం, గుడ్డితనం, రోగం ఉండొద్దు. చూడడానికి దిట్టంగా ఉండాలి. అలాంటి పోతుకు మామూలు మాంసం లెక్క వర్తించదు.

బక్రీద్ ప్రతి ఏడాదీ 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. అంటే ఈ ఏండ్లలో పండుగ ఎండాకాలం చివరికి చేరింది. మన దగ్గర మేత పూర్తిగా అడుగంటేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే! ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేను ఖాళీ, చెరువు ఖాళీ, చెట్టు ఖాళీ. మేకలు బక్కచిక్కుతాయి. ఉగాది ఖర్చు, పిల్లల ఫీజు, కూలి పని లేకపోవడం అన్నీ ఒక్కసారే మీద పడతాయి. అప్పుడు మనం అమ్ముతాం. కొన్నవాడు రెండు నెలలు దాణా పెట్టి, నున్నగా చేసి, బక్రీద్ ముందు అమ్ముతాడు. మనం ఏడాది పెంచిన దానికంటే అతను రెండు నెలలు ఉంచినందుకు ఎక్కువ మిగులుతుంది. ఇది మోసం కాదు. అతని దగ్గర మేత ఉంది, మన దగ్గర లేదు. అంతే తేడా.

ఇంకో లెక్క. మేక చూలు 150 రోజులు. పోతుకు ఏడాది నిండాలి. రెండూ కలిపితే దాదాపు 17 నెలలు. ఏ బక్రీద్‌కు అమ్మాలనుకుంటే దానికి 17 నెలల ముందే మేక పోతుకు దాటాలి. క్యాలెండరు చూసి మంద నడిపే పద్ధతి మనకు కొత్తేమీ కాదు, వానను చూసి విత్తనం వేసే వాళ్ళం మనం. ఆ లెక్క చెప్పేవాళ్ళే కరువయ్యారు.

గ్వాండాలో ఏం జరిగింది?

మన పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. మెట్ట ప్రాంతాల పంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ. ఆ సంస్థ వాళ్ళే ఆఫ్రికాలోని జింబాబ్వేలో, దక్షిణాన గ్వాండా అనే కరువు ప్రాంతంలో మేకల మీద పని చేశారు. అక్కడి పరిస్థితి వింటే మన పాలమూరు గుర్తొస్తుంది. వాన తక్కువ, పంట నమ్మకం లేదు, ఇంటింటికీ మేకలు. కాపరులు అమ్మే మేకల కంటే ఎండాకాలంలో చచ్చే మేకలే ఎక్కువ. మేత పెట్టండి, కొట్టం కట్టండి, మందు వేయండి అని ఎంత చెప్పినా జనం చెయ్యలేదు. ఎందుకు చెయ్యాలి? పెట్టిన ఖర్చు తిరిగి రాకపోతే ఎవరు పెడతారు?

అక్కడ దారి మార్చారు. కాపరులు, వ్యాపారులు, స్థానిక కౌన్సిల్ కలిసి కూర్చున్నారు. అమ్మకానికి దొడ్లు కట్టారు. తేదీలు ముందే ప్రకటించారు. బహిరంగ వేలం పెట్టారు. ఫలానా రోజు మేకలు గుంపుగా దొరుకుతాయని తెలిసి కొనేవాళ్ళు దూరం నుంచి వచ్చారు. పదిమంది ఎదుట పాట పాడితే ధర పెరిగింది. ధర కళ్ళారా చూసిన తర్వాత కాపరులు తామే మేత మీద ఖర్చు పెట్టడం మొదలుపెట్టారు. మనం ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఇందులో ఉంది. మేత, మందు, మార్కెట్ అని మూడు మాటలు అంటాం. సర్కారు ఎప్పుడూ మొదటి రెంటితో మొదలుపెట్టి, మూడోదాన్ని మరిచిపోతుంది. మూడోది ముందు రావాలి. గిట్టుబాటు కనబడితే మొదటి రెండూ దాని వెంట నడుస్తాయి.

మేత: తుమ్మకాయ నుంచి బంచరాయి దాకా

మేక గొర్రెలా నేల మీది గడ్డిని నమ్ముకోదు. తల పైకెత్తి ఆకు, కాయ, చిగురు తింటుంది. అందుకే కరువులో కూడా బతుకుతుంది. 25 కిలోల మేకకు రోజుకు సుమారు కిలో ఎండు మేత కావాలి. ఐదు మేకలకు 90 రోజులకు నాలుగున్నర క్వింటాళ్ళు. ఎండాకాలం అమ్మకం ఆపడానికి ఒక ఇంటికి కావలసింది ఇంతే. వేరుశనగ కట్టె, కంది పొట్టు, పెసర పొట్టు కళ్ళంలో కాల్చేసే బదులు మూటగట్టాలి. ఎండాకాలంలో రాలే తుమ్మకాయలను ఏరి, దంచి పెట్టాలి. గట్ల మీద అవిశ, సుబాబుల్ నాటాలి. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు మించొద్దు, అందులో విషగుణం ఉంది. వానలు ఆగి వాడిపోయిన లేత జొన్న, కోసిన తర్వాత వచ్చే పిలకలు మేపితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఈ మాట ప్రతి పిల్లకూ తెలియాలి, ఎందుకంటే చాలా ఇళ్ళలో మేకల వెంట పోయేది పిల్లలే.

ఇంట్లో చేసేది ఇది. ఊరు చేయాల్సింది ఇంకొకటి ఉంది. బంచరాయి, గైరాన్, కంచ, చెరువు శిఖం ఒకప్పుడు మందలవి. ఇవాళ వాటి మీద ప్లాట్లు, గోదాములు. 2015లో హరితహారం మొదలైన తర్వాత మొక్కలు నాటిన చాలా జాగల్లో మందకు దారి మూసుకుపోయింది. మేక మొక్కను కొరుకుతుంది, అది అబద్ధం కాదు. అందుకని మొక్క కావాలా మేక కావాలా అని అడిగే పెద్దమనుషులకు మన జవాబు ఒకటే. రెండూ కావాలి. మొక్క మూడు నాలుగేళ్ళు పెరిగేదాకా కంచె వేయండి, తర్వాత కొమ్మ కొట్టుకునే హక్కు మేకలున్న ఇంటికి ఇవ్వండి. నాటేటప్పుడే తుమ్మ, అవిశ, జమ్మి, రేగు వంటి మేత చెట్లు నాటండి.

మందు: వంద డోసుల సీసా, ఐదు మేకల ఇల్లు

మేకల మందను ఒక్క వారంలో ఊడ్చేసేది పారుడు రోగం, డాక్టర్లు పీపీఆర్ అంటారు. మన దేశంలో 1987లో తమిళనాడులో మొదట గుర్తించారు. దీనికి మంచి టీకా ఉంది. ఒకసారి వేస్తే మూడేళ్ళ దాకా కాపాడుతుంది. తొలకరి గడ్డి ఎగబడి తిన్నప్పుడు వచ్చే చిటుకు రోగానికి వానలకు ముందే టీకా వేయాలి. నట్టల మందు వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. పుట్టిన పిల్లకు గంటలోపు ముర్రుపాలు. ఒకే పోతును ఏండ్ల తరబడి ఉంచకుండా రెండేళ్ళకోసారి పక్క ఊరితో మార్చుకోవాలి. ఇందులో ఏదీ పెద్ద ఖర్చు కాదు. టీకాలు తయారుచేసే సంస్థ మన హైదరాబాదులోనే ఉంది.

మరి టీకా మేకకు ఎందుకు అందదు? చిక్కు సీసాలో ఉంది. పీపీఆర్ టీకా పొడి సీసా ఒక్క జీవానికి రాదు, పదుల డోసులకు, వంద డోసులకు వస్తుంది. చల్లగా ఉంచాలి. కలిపిన తర్వాత కొద్ది గంటల్లోనే వాడేయాలి. వంద గొర్రెల మంద దగ్గర సీసా విప్పుతారు. ఐదు మేకల ఇంటి దగ్గర విప్పితే మిగతాదంతా పారబోయాలి. కాబట్టి విప్పరు. తప్పు డాక్టరుది కాదు, మేకలదీ కాదు. ఇరవై ఇళ్ళు ఒక రోజున ఒక చెట్టు కింద కలవకపోవడమే లోపం. 2017లో 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు వచ్చినప్పుడు సంతోషించాం. బండి వచ్చే రోజు ఊరికి ముందే తెలియాలి, ఊరు కలిసి నిలబడాలి. బీహార్, జార్ఖండ్ పల్లెల్లో పశు సఖి పేరుతో శిక్షణ పొందిన మహిళలే మేకలకు ప్రాథమిక వైద్యం చేస్తున్నారు. మన మహిళా సంఘాల్లో అలాంటి చెల్లెళ్ళు లేరా?

పథకం ఎవరి కొలతకు కుట్టారు?

కేంద్రం జాతీయ పశుసంపద మిషన్‌ను 2021లో మార్చింది. మేకల ఫారం పెడితే పెట్టుబడిలో సగం సబ్సిడీ. వినడానికి బాగుంది. కానీ 100 ఆడమేకలు, 5 పోతుల నుంచి 500 ఆడమేకలు, 25 పోతుల దాకా ఉన్న యూనిట్లకే అది. సబ్సిడీ 10 లక్షల నుంచి 50 లక్షల దాకా. మిగతా సగం పెట్టుబడి, జాగ, బ్యాంకు పూచీ ఉన్నవాడు ఎవరు? ఐదు మేకల అవ్వ మాత్రం కాదు. ఫారాలు రావొద్దని మనం అనం. కానీ మన 49 లక్షల మేకల్లో అత్యధికం పెరట్లలో ఉన్నప్పుడు, పథకం పెరటి గుమ్మం ముందు ఆగకుండా ఎట్లా పోతుంది?

మేలుజాతి పేరుతో ఎక్కడెక్కడి జాతులనో తెచ్చి అంటగట్టే పని కూడా ఆపాలి. మన నేలకు అలవాటైన ఉస్మానాబాదీ మేక ఉంది. నల్లగా ఉంటుంది, తరచూ జంట పిల్లల్ని ఈనుతుంది. 1956 దాకా ఆ జిల్లా మనతోపాటు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. 2023లో ఆ ఊరి పేరు ధారాశివ్‌గా మారింది, మేక పేరు మారలేదు. అలాంటి జాతుల్లో మంచి పోతులను ఎంచి, ఊరికొకటి ఇస్తే చాలు. 25, 30 మేకలకు ఒక పోతు సరిపోతుంది.

మనం అడగవలసింది, చేయవలసింది

పంచాయతీలు, మున్సిపాలిటీలు ఏటేటా అంగడి తైబజారును వేలం వేస్తాయి. కాపరి దగ్గర తలకింత వసూలు చేస్తారు. ఆ పైసలకు ప్రతిఫలంగా కాపరికి ఏం దొరుకుతోంది? నీడ లేదు, నీళ్ళ తొట్టి లేదు, తక్కెడ లేదు. వేలం షరతుల్లోనే ఈ మూడూ రాయించాలి. తూకం, ధర ఆ రోజు బోర్డు మీద రాయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు. వేలాడే తక్కెడ ఖరీదు ఒక మేకపిల్ల ఖరీదును మించదు.

విద్యార్థులారా, మీ మండలంలో బంచరాయి, గైరాన్ భూములు ఎన్ని ఎకరాలు ఉండేవో, ఇవాళ ఎన్ని మిగిలాయో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఇరవై ఇళ్ళ మేకలు కొలిచి, బరువు రాసి, అమ్మిన ధర పక్కన రాయండి. ఏడాది తిరిగేసరికి ఆ నోటు పుస్తకమే మన వాదన. ఉద్యోగ మిత్రులారా, మీలో పంచాయతీ కార్యదర్శులున్నారు, పశువైద్య శాఖ వాళ్ళున్నారు, బ్యాంకుల వాళ్ళున్నారు. అంగడి వేలం కాగితం మీ బల్ల మీదికే వస్తుంది. టీకా తేదీ మీరే వేస్తారు. ఐదు మేకలకు అప్పు ఇవ్వాలో వద్దో మీరే రాస్తారు. ఉద్యమంలో ఆఫీసు బయట కూర్చుని పోరాడారు. ఇప్పుడు ఆఫీసు లోపల కూర్చుని ఈ పని చేయండి.

మేకలు పెంచే ఆడవాళ్ళు కులంతో పనిలేకుండా ఊరికొక సంఘంగా కూడాలి. ఒక్కొక్కరు ఒక్క మేకతో అంగడికి పోతే బేరగాడు ధర చెబుతాడు. ఇరవై మంది నలభై పోతులతో ముందే తేదీ చెప్పి నిలబడితే ధర అడుగుతాడు. చెప్పడానికీ అడగడానికీ మధ్యనే వాళ్ళ ఏడాది కష్టం ఉంది.

కాబట్టి ఇక్కడి నుంచి పోయేటప్పుడు ఒక్క పని ఒప్పుకుని పోదాం. మీ మండల అంగడిలో తక్కెడ ఉందో లేదో వచ్చే వారం చూసి రండి. లేకపోతే పదిమంది సంతకాలతో పంచాయతీకి కాగితం పెట్టండి. జవాబు రాకపోతే పదిమందీ తలా కొంత వేసుకుని తక్కెడ కొని, అంగడిలో చెట్టు కొమ్మకు వేలాడదీయండి. మొదటి మేకను ఎవరు తూస్తారో చూద్దాం.